డెరింగ్ డూ – ధృష్టద్యుమ్నుడు – మన తెగువ

ఆంగ్లంలో ‘డెరింగ్ డూ’ అనే మాట ఒకటి ఉన్నది. నిఘంటువు తెరిస్తే వీరోచితమైన సాహసం, తెగువతో కూడిన కార్యం అని అర్థం కనిపిస్తుంది. కత్తియుద్ధాల సినిమాలను గురించీ, సముద్రపు దొంగల కథలను గురించీ రాసే ఆంగ్ల సమీక్షకులు ఈ మాటను ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. అయితే పూర్తి గంభీరంగా వాడరు. పెదవి చివర చిన్న నవ్వు ఉంచుకొని వాడుతారు. మనం ‘అబ్బో, ఏమి శౌర్యం, ఏమి పరాక్రమం’ అన్నప్పుడు ఉండే ఛాయ అందులో కొంత ఉంటుంది.

ఈ మాటకు ఉన్న విశేషం దాని అర్థంలో లేదు, పుట్టుకలో ఉన్నది. ఇది ఒక తప్పు చదువు వలన పుట్టిన మాట. ఒకరు కాదు, ముగ్గురు నలుగురు, వందల ఏళ్ళ ఎడంతో, ఒకరి తరువాత ఒకరు చేసిన పొరపాట్లన్నీ కలిస్తే ఈ పదం తయారైనది.

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా పాఠశాలలో ఆంగ్లం చెప్పే సహోపాధ్యాయుడు ఒకాయన ఈ కథ నాకు మొదట చెప్పారు. చెప్పి ఊరుకోలేదు. “తెలుగు మాష్టారూ, మీ ఎర్రసిరా సీసాను ఇక కిటికీలోంచి పారబోయండి. తప్పు చదివినందుకే మా భాషకు ఇంత మంచి మాట దక్కింది. మీరు దిద్దుతూ కూర్చుంటే మీ భాషకు ఏమి దక్కుతుంది?” అన్నారు. స్టాఫ్ రూములో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన సరసులు, మాటలో విషం లేదు. కాని అదే వాదం ఆ తరువాత చాలాచోట్ల, నవ్వు లేకుండా విన్నాను. భాష నది వంటిదట, నదికి తప్పొప్పులు ఉండవట, పదిమంది రాసిందే ఒప్పట. ఈ మాటలో సగం నిజం, సగం సోమరితనం ఉన్నాయని నా అభిప్రాయం. ఏ సగం ఏదో విడదీయడానికి ఈ డెరింగ్ డూ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. అందుకని కథ మొదటినుంచి చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి.

పద్నాలుగవ శతాబ్ది చివర, 1380ల ప్రాంతంలో, ఛాసర్ మహాకవి ‘ట్రాయిలస్ అండ్ క్రిసీడ్’ అనే కావ్యం రాశాడు. అందులో నాయకుడైన ట్రాయిలస్‌ను వర్ణిస్తూ, వీరునికి తగిన పనిని చేయ తెగించుటలో అతడు ఎవరికీ తీసిపోడు అనే భావం ఒకచోట చెప్పాడు. అక్కడ ఉన్నవి రెండు మాటలు. మొదటిది ‘డరింగ్’ లేక ‘డోరింగ్’, అనగా తెగించుట. నేటి ‘డేర్’ అనే క్రియకు ఆనాటి కృదంతరూపం. రెండవది ‘డన్’, అనగా చేయన్. నేటి ‘డూ’కు ఆనాటి రూపం. మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే మొదటిది భావార్థక కృదంతం, రెండవది తుమున్నర్థకం, దాని తరువాత వచ్చే ‘వీరునికి తగినది’ అనే ముక్క ఆ తుమున్నర్థకానికి కర్మ. అన్వయంలో చిక్కేమీ లేదు. ఆ రెండు మాటలూ కలిసి సమాసం కాలేదు, కావలసిన అవసరమూ లేదు. వాక్యంలో పక్కపక్కన నిలబడ్డాయి, అంతే.

తరువాతి తరంలో జాన్ లిడ్‌గేట్ అనే కవి వచ్చాడు. ఛాసర్ అంటే ఇతనికి గురుభావం. తరువాత అయిదవ హెన్రీగా రాజ్యమేలిన యువరాజు కోరికమీద 1412లో మొదలుపెట్టి 1420లో ముగించిన ‘ట్రాయ్ బుక్’ అనే బృహత్కావ్యంలో, గురువుగారి పలుకుబడిని తానూ వాడుకున్నాడు. అక్కడా దోషం లేదు. ఈలోగా ఆంగ్లభాషలో తుమున్నర్థకం చివరి నకారం క్రమంగా జారిపోయింది. ‘డన్’ కాస్తా ‘డూ’ అయింది. మనకు ఇది వింత కాదు, ‘చేయన్’ అనే ద్రుతాంతం ‘చేయ’ అని నిలవడం మనం రోజూ చూసేదే. ఎక్కడో సముద్రాల ఆవల ఒక భాష తన నకారాన్ని ఇట్లాగే వదులుకున్నదని తెలిసినప్పుడు తెలుగు పండితునికి కలిగే సంతోషం ఇంతా అంతా కాదు.

అసలు ప్రమాదం అచ్చుయంత్రం దగ్గర జరిగింది. లిడ్‌గేట్ కావ్యాన్ని 1513లో ఒకసారి, 1555లో మరొకసారి అచ్చువేశారు. ఆ ముద్రణలలో ‘డోరింగ్’ అన్నది ‘డెరింగ్’ అని పడింది. ఓకారం పోయి ఎకారం వచ్చింది. ఒక్క అచ్చు మారింది, అంతే. కాని ‘డోరింగ్’ అని ఉన్నంతవరకు ‘డేర్’ క్రియకు పాతరూపాలు తెలిసినవాడు దానిని గుర్తుపట్టగలడు. ‘డెరింగ్’ అనగానే దాని తండ్రి ఎవరో తెలియకుండా పోయింది. తండ్రి తెలియని మాట పక్కమాటతో సులువుగా అతుక్కుపోతుంది.

అట్లా అతుక్కున్న జంటను 1579లో ఎడ్మండ్ స్పెన్సర్ తన ‘షెపర్డ్స్ క్యాలెండర్’లోకి తెచ్చుకున్నాడు. పన్నెండు నెలలకు పన్నెండు గొల్లపాటలు రాసిన పుస్తకం అది. అందులో అక్టోబరు నెల పాటలో ఈ మాట వస్తుంది. స్పెన్సర్ దానిని క్రియగా చదవలేదు, నామవాచకంగా చదివాడు. ఆ పుస్తకానికి ఇంకొక వింత ఉన్నది. కొత్తకవి మొదటి పుస్తకమైనా, ప్రాచీన కావ్యానికి వలె టీకతో సహా అచ్చయింది. టీకాకారుడు తన పేరు చెప్పకుండా ‘ఇ.కె.’ అని రెండు పొడి అక్షరాలు మాత్రమే పెట్టుకున్నాడు. స్పెన్సర్ మిత్రుడని కొందరు, స్పెన్సరే మారువేషంలో ఉన్నాడని కొందరు అంటారు. తన కావ్యానికి తానే టీక రాసుకోవడం మనవాళ్ళకూ తెలియని విద్య కాదు కనుక నాకు రెండవ ఊహ మీదనే మొగ్గు! ఎవరైతేనేమి, ఆ ఇ.కె. ఈ మాటకు పౌరుషమనీ శౌర్యధర్మమనీ అర్థం రాసి పెట్టాడు. దానితో మాటకు జన్మపత్రిక సిద్ధమైపోయింది. టీకలో ఎక్కిన మాటను కాదనేవాడెవడు? స్పెన్సర్ ఆ తరువాత ‘ఫేరీ క్వీన్’లో కూడా దానిని వాడాడు.

స్పెన్సర్‌కు పాతమాటల మీద మోజు ఎక్కువ. ఆ మోజును చూసి బెన్ జాన్సన్, ఇతడు ప్రాచీనులను అనుకరించబోయి అసలు ఏ భాషా రాయలేదన్న అర్థం వచ్చేటట్లు విసుక్కున్నాడు. మన గ్రాంథికవాదులను గురించి వ్యావహారికవాదులు ఆడిన మాటలు గుర్తుకు రావడం లేదూ?

తరువాత రెండువందల ఏళ్ళకు పైగా ఈ మాట దాదాపు నిద్రపోయింది. దానిని నిద్రలేపినవాడు సర్ వాల్టర్ స్కాట్. 1819 డిసెంబరులో వెలువడిన ‘ఐవన్‌హో’ నవలలో కోట ముట్టడి ఘట్టం ఒకటి ఉన్నది. గాయపడిన ఐవన్‌హో కోటలో మంచం మీద పడి ఉంటాడు. రెబెకా అనే యూదుకన్య కిటికీ దగ్గర నిలబడి, బయట జరుగుతున్న యుద్ధాన్ని చూసి అతనికి చెబుతూ ఉంటుంది. ఇక్కడ సంజయుడు స్త్రీ, ధృతరాష్ట్రుని బదులు కదలలేని వీరుడు. నల్లకవచం తొడిగిన ఒక యోధుడు గండ్రగొడ్డలితో కోటద్వారాన్ని పగులగొడుతున్నాడని ఆమె చెప్పినప్పుడు, ఇంతటి డెరింగ్ డూ చేయగలవారు ఇద్దరు ఉంటారా అని ఐవన్‌హో తనలో తాను అనుకుంటాడు. ఆ నల్లకవచంలో ఉన్నది రిచర్డు రాజే అని పాఠకునికి తరువాత తెలుస్తుంది. స్కాట్ పుట దిగువన ఈ మాటకు అర్థం రాశాడు. ఆశ వదులుకొని చూపే ధైర్యం అన్నది ఆ అర్థం. ఈ అర్థం దగ్గరకు మళ్ళీ వస్తాను.

స్కాట్ నవలలకు ఆనాడు ఉన్న ప్రచారం మనకు తెలిసిందే. ఆయన పుణ్యమా అని మాట పత్రికలకెక్కింది, పిల్లల కథలకెక్కింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు ఈ పొరపాట్ల గొలుసు మొత్తాన్ని కడియం కడియంగా విప్పి చూపింది. చూపి, మాటను మాత్రం నిఘంటువులోనే ఉంచింది.

ఇదీ కథ. ఇక నా సహోపాధ్యాయుడు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఇది తప్పుమాటా, ఒప్పుమాటా?

ఒప్పుమాటే. ఈ విషయంలో నాకు సందేహం లేదు. మన సంప్రదాయంలో దీనికి పేరు కూడా ఉన్నది. వ్యాకరణానికి లొంగని ప్రయోగం ఋషిది అయితే ‘ఆర్షం’ అని నమస్కరించి పక్కకు తప్పుకున్నారు మన పెద్దలు. మహాకవి ప్రయోగం కనిపిస్తే సూత్రాన్నే కొంచెం జరిపి దానికి చోటు చూపించారు. బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఎన్నిసార్లు ‘బహుళంబు’ అన్నాడో చూసినవారికి, వ్యాకర్త అంటే కేవలం కొరడా పట్టుకొన్నవాడు కాదని తెలుస్తుంది. స్పెన్సర్ ఆంగ్లానికి మహాకవి. ఆయన వాడాడు, స్కాట్ వాడాడు, లోకం వాడింది. లోకంలో లేని ఒక అర్థచ్ఛాయకు రూపం దొరికింది. ఇక దానిని పట్టుకొని నీ తాత ఎవరని అడగడం మర్యాద కాదు.

మన దాక్షారామాన్నే చూడండి. దక్షుని పేరున ఏర్పడిన క్షేత్రం, శ్రీనాథుడు భీమేశ్వర పురాణంలో కీర్తించిన దాక్షారామం, జనం నోట ‘ద్రాక్షారామం’ అయింది. గోదావరి సీమలో ద్రాక్షతోటలు ఎక్కడివని ఎవరూ అడగలేదు. నేడు బోర్డుల మీద, బస్సుల మీద, కాగితాల మీద ద్రాక్షారామమే ఉన్నది. నేనూ టిక్కెట్టు అడిగేటప్పుడు ద్రాక్షారామమనే అడుగుతాను. కండక్టరుతో వ్యుత్పత్తి చర్చ పెట్టుకోను.

అయితే మాట ఒప్పు అయినంత మాత్రాన చదువు ఒప్పు అవుతుందా? కాదు. ఇక్కడే మా మిత్రుని వాదంలో రెండవ సగం బయటపడుతుంది. స్పెన్సర్ ఒక కొత్తమాటను సృష్టించాడు, సరే. కాని ఛాసర్ రాసింది అది కాదు. ఎవరైనా నేడు ఛాసర్ కావ్యాన్ని అచ్చువేస్తూ ‘స్పెన్సర్ ఒప్పుకున్నాడు కదా’ అని అక్కడ డెరింగ్ డూ అని దిద్దితే, అది ద్రోహం. కొత్తమాటకు పుట్టే హక్కు ఉన్నది, పాత పాఠానికి చెక్కుచెదరకుండా ఉండే హక్కు ఉన్నది. ఈ రెండు హక్కులనూ కలగాపులగం చేయకూడదు.

ఈ తేడా పండితుల చాదస్తం కాదు. తప్పుచదువు అన్నివేళలా అందమైన మాటనే ఇవ్వదు. ఋగ్వేదం పదవ మండలంలో పద్ధెనిమిదవ సూక్తం అంత్యక్రియలకు సంబంధించినది. అందులో ఏడవ ఋక్కు, భర్తలు జీవించి ఉన్న ముత్తైదువలు ముందుగా కదిలి వెళ్ళాలని చెబుతుంది. అక్కడి మాట ‘అగ్రే’, అనగా ముందుగా. దానిని కొన్ని ధర్మనిబంధాలలో ‘అగ్నేః’ అని చదివారు. రేఫం పోయి నకారం వచ్చింది, చివర విసర్గ చేరింది. ముందుగా వెళ్ళవలసినవారు అగ్నిలోకి వెళ్ళవలసినవారైపోయారు. సహగమనానికి వేదమే ప్రమాణమని చూపడానికి ఆ పాఠం పనికివచ్చింది. తరువాతి ఋక్కే విధవను పిలిచి, లేచి జీవలోకానికి రమ్మంటున్నదన్న సంగతి మరుగున పడిపోయింది. పందొమ్మిదవ శతాబ్దిలో విల్సన్, మాక్స్ ముల్లర్ వంటివారు వేదప్రతులను ముందుపెట్టుకొని ఈ తేడా చూపించారు. అప్పటికి 1829లోనే చట్టం ఆ ఆచారాన్ని నిషేధించి ఉన్నది. ఆ ఆచారం ఒక్క అక్షరం వలననే పుట్టిందని నేను అనను, ఆస్తులూ అధికారాలూ వంశప్రతిష్ఠలూ దాని వెనుక ఎన్ని ఉన్నాయో చరిత్రకారులు చెబుతారు. కాని చితి పక్కన నిలబడి ‘ఇది వేదంలో ఉన్నది’ అని చెప్పగలగడానికి ఆ ఒక్క అక్షరం ఆధారమైంది. అటువంటిచోట, ‘భాష నది వంటిది, తప్పొప్పులు లేవు’ అని ఎవరైనా అంటే నేను ఊరుకోలేను.

ఇక్కడిదాకా వచ్చిన తరువాత ‘డేర్’ అనే అసలు క్రియను గురించి రెండు మాటలు చెప్పకపోతే నా పండితశిక్షణకు అపచారం. ఈ క్రియ మనకు పరాయిది కాదు. సంస్కృతంలోని ‘ధృష్’ ధాతువు, గ్రీకులోని ‘థ్రసుస్’, ఆంగ్లంలోని ‘డేర్’ ఒకే మూలం నుంచి వచ్చాయి. మూలభాషలోని ధకారం సంస్కృతంలో ధకారంగానే నిలిచింది, గ్రీకులో థకారమైంది, ఆంగ్లం వంటి జర్మానిక్ భాషలలో దకారమైంది. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ ఈ భాషల చుట్టరికాన్ని గురించి చేసిన ప్రసంగం మనలో చాలామందికి తెలిసినదే.

ధృష్ ధాతువు నుంచి వచ్చినదే ‘ధృష్ట’ శబ్దం. మనకు బాగా తెలిసిన ధృష్టుడు ద్రుపదుని యజ్ఞకుండంలో పుట్టిన ధృష్టద్యుమ్నుడు. తెగువే తేజస్సుగా గలవాడు. ప్లేటో ‘రిపబ్లిక్’లో సోక్రటీసుతో వాదానికి దిగే థ్రాసిమాకస్ పేరులోనూ ఈ శబ్దమే ఉన్నది, తెగించి పోరాడేవాడని దాని అర్థం. ఇద్దరూ తమ పేరుకు తగినట్లే ప్రవర్తించారు. థ్రాసిమాకస్ సభలోకి మృగంలా దూకాడు. ధృష్టద్యుమ్నుడు అస్త్రసన్న్యాసం చేసి రథం మీద కూర్చున్న ద్రోణాచార్యుని తల నరికాడు. సొంతపక్షంలోని అర్జునుడు, సాత్యకి కూడా ఆ పనిని మెచ్చలేదు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించాలి. ఈ ధాతువు ఎక్కడికి వెళ్ళినా రెండు ముఖాలతో వెళ్ళింది. ధైర్యం ఒక ముఖం, సిగ్గులేనితనం రెండవది. దశరూపకం మొదలుకొని అలంకారగ్రంథాలలో శృంగార నాయకులు నలుగురు: అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు. వీరిలో ధృష్టుడు వీరుడు కాడు. పరకాంత దగ్గరనుంచి వచ్చి, ఒంటిమీద గుర్తులు కనబడుతున్నా తొణకకుండా ఇల్లాలి ముందు నిలబడగలవాడు! ‘ధార్ష్ట్యం’ అంటే మనం తప్పుగానే చూస్తాం. గ్రీకులోనూ అంతే. అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో థ్రసుస్ అంటే పిరికివానికి రెండవ కొసన నిలబడే దుడుకువాడు; నిజమైన ధీరుడు ఇద్దరికీ నడుమ ఉంటాడు. హిందీలో ఈ ధృష్ట శబ్దమే ‘ఢీఠ్’ అయి, మాట వినని మొండివానికి తిట్టుగా స్థిరపడింది. మన తెలుగులో ‘దిట్ట’ను ధృష్ట శబ్దానికే వికృతిగా చెబుతారు. చూడండి విచిత్రం, అదే మాట మన ఇంటికి వచ్చేసరికి మెప్పు అయింది. లెక్కలలో దిట్ట, వంటలో దిట్ట. వింధ్యకు ఆవల తిట్టు, ఈవల బిరుదు. సిగ్గులేని నాయకుడు తెలుగునాట కొంత బాగుపడ్డాడన్నమాట.

‘సాహసం’ కథ ఇంకా చిత్రంగా ఉంటుంది. ‘సహస్’ అంటే బలం, బలాత్కారంగా చేసినది సాహసం. ధర్మశాస్త్రంలో సాహసం నేరం. మనుస్మృతి చెప్పిన పద్ధెనిమిది వ్యవహారపదాలలో అదీ ఒకటి. యజమాని కళ్ళయెదుట బలవంతంగా లాక్కుంటే సాహసం, చాటున తీసుకుంటే చౌర్యం అని తేడా చూపారు. జుల్మానాలకు కూడా ఇదే పేరు: ప్రథమ సాహసం 250 పణాలు, మధ్యమ సాహసం 500, ఉత్తమ సాహసం 1000. ఉత్తమ సాహసం అంటే గొప్ప వీరకృత్యం అనుకొని సంతోషపడకండి, అది అన్నిటికంటె పెద్ద జరిమానా! మితాక్షరను కేతన తెలుగులో ‘విజ్ఞానేశ్వరీయం’గా చేసిన పదమూడవ శతాబ్దినాటికి, సాహసం అంటే శిక్షించదగిన పని అని తెలుగు చదువరులకు తెలుసు. మరొకవైపు విక్రమార్కుడు సాహసాంకుడై కథలలో వెలుగుతూనే ఉన్నాడు. న్యాయస్థానంలో నేరం, కథలో కీర్తి. చివరికి కథే గెలిచింది. ‘పాతాళ భైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడు తోటరాముణ్ణి సాహసానికి పురికొల్పే మాటను తెలుగువారు ఏడు దశాబ్దాలుగా వల్లిస్తున్నారు. కాని ఆ మాంత్రికుని ఉద్దేశం ఏమిటో తలచుకుంటే, సాహసం పాత అర్థం పూర్తిగా చావలేదనే అనిపిస్తుంది.

ఆంగ్లంలో మరొక మాట ‘కరేజ్’. లాటినులో హృదయాన్ని చెప్పే శబ్దం ఫ్రెంచి మీదుగా అట్లా మారింది. మన గుండెధైర్యం, గుండెనిబ్బరం దానికి సరిజోడు. దానిలో చిక్కు ఏమీ లేదు.

ఇప్పుడు స్కాట్ పుట దిగువ రాసిన అర్థానికి వస్తాను. ఆశ వదులుకున్నవాని ధైర్యం అన్నాడు ఆయన. ఈ అర్థం స్పెన్సర్‌లో లేదు, ఇ.కె. టీకలో లేదు, ఛాసర్‌లో అసలే లేదు. స్కాట్ ఊహించి చెప్పాడు. కాని ఆ ఊహ తెలుగువానికి ఇట్టే అందుతుంది, ఎందుకంటే మనకు ‘తెగువ’ ఉన్నది. తెగు అనే ధాతువు నుంచి తెగువ, తెగింపు, తెంపు, తెంపరితనం అన్నీ వచ్చాయి. ఇది అచ్చతెనుగు సొమ్ము, సంస్కృతం నుంచి తెచ్చుకున్నది కాదు. తాడు తెగినట్లు లోపల ఏదో ఒక బంధం తెగాలి. ప్రాణం మీది తీపో, పరువు మీది భయమో, రేపటి మీది ఆశో తెగాలి. అప్పుడు పుట్టేది తెగువ. ఆంగ్లేయుడు పుట దిగువ మాటలు కూర్చి చెప్పవలసి వచ్చిన దానిని మన పల్లెటూరి ముసలమ్మ ‘వాడు తెగించాడు’ అని ఒక్క క్రియలో చెబుతుంది. ఇందులోనూ రెండు ముఖాలు లేకపోలేదు. ప్రాణాలకు తెగించినవానికి దండం పెడతాం, బరితెగించినవాణ్ణి చూసి మొగం తిప్పుకుంటాం. తెగించినవాడికి తెడ్డే లింగం అన్న సామెత మెప్పో, ఎత్తిపొడుపో చెప్పడం నాకు నేటికీ కష్టమే.

కనుక డెరింగ్ డూకు తెలుగు ఏమిటని ఎవరైనా అడిగితే సాహసం అని చెప్పను, తెగువ అనే చెబుతాను. ‘వీరోచిత సాహసకార్యం’ అని పత్రికలు రాసే నాలుగడుగుల సమాసం నాకు రుచించదు.

ఇక ఎర్రసిరా సంగతి. నా ఉద్యోగకాలంలో జవాబుపత్రాలలో అందరికంటె ఎక్కువ అన్యాయానికి గురైనవాడు ఈ ధృష్టద్యుమ్నుడే. పదిమందిలో ఏడెనిమిదిమంది ‘దృష్టద్యుమ్నుడు’ అని రాసేవారు. ధకారానికి ఒక్క ఒత్తు తీసేస్తే ధృష్ట కాస్తా దృష్ట అవుతుంది. తెగించినవాడు పోయి చూడబడినవాడు మిగులుతాడు. నేను ప్రతి పత్రంలోనూ ఆ ఒత్తును ఎర్రగా పెట్టేవాణ్ణి. ఒకసారి ఒక పిల్లవాడు లేచి, “మాష్టారూ, ఆయన్ని అందరూ చూశారు గదండీ, దృష్టద్యుమ్నుడంటే తప్పేమిటండీ?” అన్నాడు. తరగతి గొల్లుమన్నది. వాడికి మార్కు వేయలేదు గాని, వాడి తెలివికి మాత్రం సంతోషించాను. వాడు చేసినది సరిగ్గా ఇ.కె. చేసిన పనే: తప్పుపాఠానికి చక్కటి అర్థం చెప్పడం. మరి వాడు స్పెన్సర్ అయితే వాడి మాట నిఘంటువుకెక్కుతుంది. అయ్యేదాకా ఒత్తు పెట్టుకోవలసిందే.

ఇప్పుడు నా చేతిలో పత్రాలు లేవు. మీటలపలక ఉన్నది. మనలో కొందరం పాతపుస్తకాలను యూనికోడులోకి ఎక్కించే పనిలో ఏళ్ళ తరబడి ఉన్నాం. 1513లో ఓకారానికి బదులు ఎకారం కూర్చిన ముద్రాక్షరకుడు కూర్చున్న పీటమీదనే మనమూ కూర్చున్నాం. తేడా ఒక్కటే. అతని తప్పు స్పెన్సర్‌కు చేరడానికి అరవై ఏళ్ళకు పైగా పట్టింది, మన తప్పు అరగంటలో నలభై చోట్లకు పోతుంది. వెదికే యంత్రంలో వెదికితే తప్పుపాఠమే ముందు కనిపిస్తుంది, తరువాత రాసేవారు దానినే ప్రమాణంగా తీసుకుంటారు. పుస్తకాల బొమ్మలను చూసి అక్షరాలుగా మార్చే పనిముట్లు ఇప్పుడు తెలుగుకూ వచ్చాయి. ఎంతో మేలు. కాని ఆ పనిముట్టుకు ఒత్తు ఒక మచ్చ, మచ్చ ఒక ఒత్తు. పాత రాతప్రతులలో ఒత్తులను తరచు వదిలేవారు, ఎకార ఏకారాల భేదం పాటించేవారు కాదు. వాటిని చూసి అచ్చువేసిన తొలినాటి పుస్తకాలలో ఆ సందేహాలు కొన్ని అట్లాగే దిగబడ్డాయి. ఇప్పుడు వాటిమీద ఈ మచ్చల సందేహం కూడా చేరింది.

నేను పాటించే పద్ధతి ఇది. అచ్చుపుస్తకంలో ఉన్నదానిని ఉన్నట్లే కొడతాను. తప్పని గట్టిగా తెలిసినా మూలంలో దిద్దను, దిద్దుబాటు పక్కన వేరుగా రాస్తాను. సందేహం ఉన్నచోట ఒక చుక్కగుర్తు పెడతాను. అర్థం బాగా కుదిరిందని పాఠాన్ని నమ్మను. అర్థం దృష్టద్యుమ్నునికి కూడా కుదిరింది గదా!

ప్రస్తుతం నేను కొడుతున్నది ఒక పాత శతకం. ముఖపత్రం ఊడిపోయింది, చివరి పుటలు చెదలు తిన్నాయి. నలభై మూడవ పద్యంలో ‘దృష్టుడు’ అని ఉన్నది. చూడబడినవాడన్నా అర్థం వస్తుంది, ఒత్తు పెట్టి తెగువగలవాడన్నా వస్తుంది. త థ ద ధలకు పరస్పరం యతి చెల్లుతుంది కనుక ఛందస్సు సాక్ష్యం చెప్పదు. పద్యం దైవాన్ని నిందాస్తుతి చేస్తున్నది కనుక ఒత్తు ఉండాలనే నా మనసు చెబుతున్నది. కాని మనసు చెప్పిందని కొట్టను. ఒత్తు లేకుండానే ఎక్కించి, పక్కన చుక్క పెట్టి ఉంచాను. మకుటమూ పద్యమూ రేపు ఇక్కడ పెడతాను. ఇదే శతకం మరొక ముద్రణ మీలో ఎవరి ఇంట్లోనైనా అటక మీద ఉంటే, దయచేసి ఆ పద్యం ఒక్కటి చూసి చెప్పండి.